‘నిరాశగా చూశాడు’ – ఇంగ్లీషులో ఏ మాట పెట్టాలి?

చినవాల్తేరు
అందరికీ నమస్కారం. మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంచిక కోసం ఒక తెలుగు కథను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. కథంతా మన విశాఖ చేపలరేవులోనే నడుస్తుంది. వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, మర్నాడు బోట్లు బయలుదేరతాయి. మొదటి వల పైకి లాగితే నాచు, నాలుగు పీతలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ రచయిత రాసిన వాక్యం: ‘సరంగు వల వంక నిరాశగా చూశాడు.’ (సరంగు అంటే బోటు నడిపించే పెద్ద.)

నేను ‘డెస్పరేట్లీ’ అని రాశాను. సంచిక పని నాతోపాటు చూస్తున్న స్నేహితురాలు దాన్ని కొట్టేసి ‘హోప్‌లెస్లీ’ అని పెట్టింది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్న ఆమె తమ్ముడు మా ఇద్దరినీ చూసి నవ్వి, అక్కడ ‘డెస్పెయిరింగ్లీ’ అనాలని తేల్చేశాడు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిస్తే మూడూ నిరాశ చుట్టూనే తిరుగుతున్నాయి. వీటి మధ్య తేడా ఏమిటో, ఎక్కడ ఏది వాడాలో తెలిసినవారు కాస్త విడమరచి చెప్పండి. వచ్చే సోమవారం ప్రెస్సుకు ఇవ్వాలి.

సీతమ్మధార మాస్టారు
అమ్మా, ఆ కుర్రవాడికి చెవి బాగుంది. మూడింటిలో ‘డెస్పెయిరింగ్లీ’ అన్నదే చూపుకు అతుకుతుంది. ఎందుకో చెబుతాను.

‘డెస్పరేట్లీ’ అన్నప్పుడు మనిషి ఇంకా పెనుగులాడుతూనే ఉంటాడు. పరిస్థితి చేయి దాటిపోతోందని అతనికి తెలుసు, అయినా వదలడు. అందుకే ఆ మాట పక్కన ప్రయత్నించడం, వెతకడం, కోరడం, అవసరపడటం లాంటి క్రియలే ఎక్కువగా కనిపిస్తాయి: ‘ట్రైడ్ డెస్పరేట్లీ’, ‘డెస్పరేట్లీ నీడ్స్’, ‘డెస్పరేట్లీ వాంటెడ్’. ‘డెస్పెయిరింగ్లీ’ అన్నప్పుడు ఆ పెనుగులాట అయిపోయింది. మనిషి ఉసూరుమన్నాడు. చూడటం, నిట్టూర్చడం, తల అడ్డంగా ఊపడం, అనడం – ఇలా లోపలి భావాన్ని పైకి చూపించే నాలుగైదు క్రియలతోనే అది పొసగుతుంది. పరుగెత్తడం, తవ్వడం లాంటి వాటి పక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక ‘హోప్‌లెస్లీ’ దారి వేరు. అది చాలాసార్లు మనిషి మనసు గురించి చెప్పనే చెప్పదు. బాగుపడే వీలు లేనంతగా అని దాని అర్థం. ‘హోప్‌లెస్లీ లాస్ట్’ అంటే దారి పూర్తిగా తప్పిపోవడం, ‘హోప్‌లెస్లీ అవుట్‌డేటెడ్’ అంటే ఎందుకూ కొరగానంతగా పాతబడిపోవడం. ‘హోప్‌లెస్లీ ఇన్ లవ్’ అయినవాడు మహా ఆనందంగా ఉండవచ్చు! అతని పరిస్థితికి మందు లేదని చెప్పడమే తప్ప, అతను దిగులుపడుతున్నాడని కాదు. చూపుకూ నిట్టూర్పుకూ ఈ మాటను వాడినవారు లేకపోలేదు. ఈ వాక్యంలో మాత్రం నేను పెట్టను.

గాజువాక నైట్‌షిఫ్ట్
మాస్టారూ, మన ఇళ్లలో ‘హోప్‌లెస్ ఫెలో’ అని తిట్టని తండ్రి ఉన్నాడా? పదో తరగతి లెక్కల మార్కులు వచ్చిన రోజు మా నాన్న నన్ను ఆ మాటే అన్నారు. ఆయన నా మీద ఆశ వదులుకున్నారనా, నాకే ఆశ లేదనా?

సీతమ్మధార మాస్టారు
మీరు బాగుపడరని ఆయన తీర్పు చెప్పారు, అంతే. ఆ వాడుక మన కల్పనేమీ కాదు. వంట చేతకాని మనిషిని ఇంగ్లండులోనూ ‘హోప్‌లెస్’ అనే అంటారు. అక్కడ అది చాలాసార్లు ముద్దుగా అనేది. మనం ఈసడింపుగా అంటాం.

ఎంవీపీ వాదం
నాకు ఈ విభజన అంతగా మింగుడుపడటం లేదు. ‘డెస్పరేట్’, ‘డెస్పెయిర్’ రెండూ ఒకే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. ఆశపడటం అనే అర్థమున్న ‘స్పేరారే’కు ముందు, తొలగిపోవడాన్ని సూచించే ‘డే’ చేరింది. మూలంలో రెండింటి అర్థమూ ఆశ తొలగిపోవడమే. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి పెనుగులాట, మరొకరికి నిట్టూర్పు ఎవరు పంచిపెట్టారు? పైగా ‘డెస్పరేట్లీ అన్‌హ్యాపీ’ అని ఎందరు రాయడం లేదు? అక్కడ పెనుగులాట ఎక్కడుంది?

డెస్కు మనిషి
ఎంవీపీ గారూ, ధాతువు చూసి వార్త రాస్తే మర్నాడు సంజాయిషీ రాసుకోవాలి. నేను తెలుగు పత్రికలో పనిచేస్తాను. ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లీషు వార్తలను అనువదించడమే నా పని. శిథిలాల కింద చిక్కుకున్నవారి కోసం సహాయక సిబ్బంది ‘డెస్పరేట్లీ’ వెతుకుతున్నారని కాపీ వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని ‘నిరాశగా వెతుకుతున్నారు’ అని దింపేస్తారు. చదివినవాడికి ఏమనిపిస్తుంది? బతికి ఉంటారన్న నమ్మకం లేకుండా, మొక్కుబడిగా తవ్వుతున్నారని! ఇంగ్లీషు వాక్యం చెప్పింది సరిగ్గా దానికి తలకిందులు.

ఆ మాటకు తెలుగులో ఒకే జవాబు లేదు. సందర్భాన్ని బట్టి ‘ప్రాణాలకు తెగించి’, ‘ఆత్రంగా’, ‘గత్యంతరం లేక’, ‘దిక్కుతోచక’ అని రకరకాలుగా రాస్తాం. హుద్‌హుద్ రోజులు గుర్తున్నాయి కదా. 2014 అక్టోబర్ 12న తుపాను ఊరి మీదుగా తీరం దాటింది, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. మర్నాటి నుంచి నీళ్ల కోసం, పాల కోసం, పెట్రోలు కోసం బారులు. ఆ బారులో బిందె పట్టుకుని నిలబడిన మనిషికి నీళ్లు ‘డెస్పరేట్లీ’ కావాలి. ఆమెను ‘నిరాశగా నీళ్లు కోరుతోంది’ అని రాస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? అల్లాడిపోతోంది అంటాం. దింపుడు కళ్లం ఆశ అని మనకొక మాట ఉంది చూడండి, పాడె దించిన చోట కూడా చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. ‘డెస్పరేట్’ అన్న మాటలో ఉన్నది ఆ ఆశ. అది సున్నా మాత్రం కాదు.

సీతమ్మధార మాస్టారు
డెస్కు మనిషి గారు నా పని సగం తగ్గించారు. ఎంవీపీ గారు అడిగిన ‘డెస్పరేట్లీ అన్‌హ్యాపీ’ కూడా న్యాయమైన ప్రశ్నే. విశేషణం ముందు చేరినప్పుడు ఆ మాట తన అర్థాన్ని చాలావరకు వదులుకుని ‘విపరీతంగా’ అనే పని మాత్రమే చేస్తుంది. ‘డెస్పరేట్లీ పూర్’, ‘డెస్పరేట్లీ ఇల్’, ‘డెస్పరేట్లీ షార్ట్ ఆఫ్ వాటర్’. అయితే చెడ్డ సంగతులతోనే దానికి చెలిమి ఎక్కువ. ‘డెస్పరేట్లీ రిచ్’ అంటే నవ్వుతారు. బ్రిటిష్ వాళ్లకు ఇంకో అలవాటుంది, ముందు ‘నాట్’ తగిలించి, ‘నాట్ డెస్పరేట్లీ కీన్’ అంటారు. అంత ఉత్సాహమేమీ లేదని దాని మర్యాదైన భావం. ఆశతోనూ నిరాశతోనూ దానికి చుట్టరికమే లేదు.

మధురవాడ విద్యార్థి
నాదీ ఐఈఎల్‌టీఎస్ బాధే. వాక్యంలో ‘డెస్పరేట్లీ’ లాంటి మాటను ఎక్కడ పెట్టాలన్నదే నాకు పట్టుబడటం లేదు. క్రియ ముందా, తరువాతా, చివరనా? ‘హోప్‌ఫుల్లీ’తో వాక్యం మొదలుపెట్టవచ్చు కదా, అలాగే ‘హోప్‌లెస్లీ’తో మొదలుపెడితే తప్పా? ఇలాంటి పెద్ద మాటలు వాడితే బ్యాండు స్కోరు పెరుగుతుందని మా కోచింగులో చెబుతున్నారు.

సీతమ్మధార మాస్టారు
నాయనా, ముందు చోటు సంగతి చూద్దాం. క్రియకూ దాని కర్మకూ మధ్య దూర్చకూడదు. ‘షి నీడ్స్ డెస్పరేట్లీ మనీ’ తప్పు, ‘షి డెస్పరేట్లీ నీడ్స్ మనీ’ ఒప్పు. మన తెలుగులో ‘ఆమెకు డబ్బు అత్యవసరంగా కావాలి’ అన్నా, ‘అత్యవసరంగా ఆమెకు డబ్బు కావాలి’ అన్నా వాక్యం నిలబడుతుంది, కనుక మాటను ఎటు జరిపినా ఫరవాలేదనిపిస్తుంది. ఇంగ్లీషుకు అంత వెసులుబాటు లేదు. ప్రయత్నించడం అన్న క్రియతో మాత్రం ముందు పెట్టినా వెనక పెట్టినా చెల్లుతుంది: ‘డెస్పరేట్లీ ట్రైడ్ టు’, ‘ట్రైడ్ డెస్పరేట్లీ టు’.

అందరూ జారిపడే చోటు ఇంకొకటుంది. ‘హి లుక్డ్ డెస్పరేట్’ అంటే అతని వాలకం అలా ఉందని అర్థం. అక్కడ ‘లీ’ తగిలించకూడదు, ఎందుకంటే ఆ మాట క్రియను కాదు, మనిషిని వర్ణిస్తోంది. ‘ఫీల్’, ‘సౌండ్’, ‘సీమ్’ కూడా ఈ తెగవే. ‘హి లుక్డ్ డెస్పరేట్లీ ఫర్ హిజ్ సన్’ అంటే కొడుకు కోసం పిచ్చివాడిలా వెతికాడని. ‘ఫర్’ తీసి ‘యట్’ పెడితే ఏదో ఒక ఆధారం దొరుకుతుందేమోనని చూశాడని అవుతుంది. పరీక్ష హాలులో గంట కొట్టబోతుంటే గడియారం వంక చూసే చూపు అది. ‘లుక్’ అనే ఒక్క క్రియ చుట్టూ ఇన్ని మలుపులున్నాయి.

‘హోప్‌ఫుల్లీ’ని వాక్యం మొత్తానికి వర్తించేలా మొదట్లో వాడటం మీద ఇంగ్లీషు పండితులు దశాబ్దాల పాటు తగవులాడారు. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి పుస్తకంలో దాన్ని అంగీకరించింది 2012లోనే. ‘హోప్‌లెస్లీ’కి ఆ హోదా రాలేదు. ‘హోప్‌లెస్లీ, ద బస్ హ్యాడ్ గాన్’ అంటే ఎవరికీ అర్థం కాదు. నీకు అక్కడ కావలసింది ‘సాడ్లీ’ లేదా ‘అన్‌ఫార్చునేట్లీ’.

బ్యాండు మాట. రైటింగులో నాలుగు కొలమానాలు, పదసంపద వాటిలో ఒకటి. ఆ కొలమానంలో పెద్ద మాట ఎంత ముఖ్యమో, ఏ మాట పక్కన ఏ మాట అతుకుతుందో తెలియడమూ అంతే ముఖ్యం. రెండో వ్యాసం నలభై నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. పట్టణాల్లో ఇళ్ల కొరత గురించి రాసేటప్పుడు ‘డెస్పరేట్లీ నీడెడ్’ ఒక్కసారి పడితే చక్కగా ఉంటుంది. ప్రతి పేరాలో అల్లాడిపోతే దిద్దేవారికి విసుగు పుడుతుంది.

గాజువాక నైట్‌షిఫ్ట్
ఉచ్చారణ గురించి ఎవరూ ఎత్తలేదేం? మేమంతా ‘డెస్ప–రేట్–లీ’ అని, బజారులో రేటు అడిగినట్టు పలుకుతాం. మా విభాగానికి వచ్చిన విదేశీ ఇంజినీరు మాత్రం ‘డెస్ప్రిట్లీ’ అని మింగేశాడు. మొదట వేరే మాటేమో అనుకున్నాం.

ఇంకొకటి. సెలవు దరఖాస్తుల చివర ‘డెస్పరేట్లీ వెయిటింగ్ ఫర్ యువర్ కైండ్ రిప్లై’ అని రాసేవాళ్లు మా దగ్గర కొల్లలు. అది ఒప్పేనా?

డెస్కు మనిషి
మీ ఇంజినీరు పలికిందే సరి. ‘ఏట్’తో ముగిసే మాటలు క్రియలైతే ఆ చివరను నిండుగా పలుకుతారు, విశేషణాలైతే నలిపేస్తారు. ‘సెపరేట్’ను చూడండి, వేరుచేయడం అన్నప్పుడు ఒకలా, వేరైనది అన్నప్పుడు ఇంకోలా వినిపిస్తుంది. ‘డెస్పరేట్’ విశేషణమే కనుక ఎప్పుడూ నలిగిపోవాల్సిందే. ఈ నలుగుడు వల్లే స్పెల్లింగులో ‘పి’ తరువాత ‘ఇ’ రాయాలో ‘ఎ’ రాయాలో తెలియక, ‘సెపరేట్’ను చూసి ‘ఎ’ రాసేస్తారు. అక్కడ ‘ఇ’ ఉండాలి.

దరఖాస్తు విషయానికి వస్తే, వ్యాకరణం దాన్ని ఏమీ అనదు. మర్యాదే ఊరుకోదు. పై అధికారికి ‘మీ జవాబు కోసం అల్లాడిపోతున్నాను’ అని రాస్తారా? సెలవు దొరక్కపోతే రైలు కింద పడతాడేమోనని ఆయన కంగారుపడాలి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు’ చాలు.

రేవు గాలి
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మాది జాలారిపేట, మా ఇంట్లో మూడు తరాలుగా సముద్రమే జీవనం. నాకు మీ వ్యాకరణం కంటే ముందు కథ మీద అనుమానం వస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు బోటు గట్టునే ఉంటుంది. బయలుదేరేటప్పుడు ఐసు, డీజిలు, వారం పది రోజుల సరుకు అప్పు మీదే ఎక్కుతాయి. ఇంత పెట్టుబడి కడుపులో పెట్టుకుని వెళ్లిన సరంగు మొదటి వల ఖాళీగా వచ్చిందని ఉసూరుమని కూలబడడు. కూలబడితే కళాసీలు మర్నాడే వేరే బోటు చూసుకుంటారు. వల ఖాళీ అంటే ఇక్కడ మేత లేదని. బోటు తిప్పి ఇంకో లోతుకు పోతాడు. మీ ‘డెస్పెయిరింగ్లీ’ అతనికి నప్పదు. అసలు ఆ వాక్యం తరువాత రచయిత ఏం రాశారు?

చినవాల్తేరు
మంచి ప్రశ్న అడిగారు. తరువాతి వాక్యం ఇది: ‘బీడీ సముద్రంలోకి విసిరి, మళ్లీ వేయమన్నట్టు చేయి ఊపాడు.’

రేవు గాలి
చూశారా? ఈ రచయితకు రేవు తెలుసు.

ఎంవీపీ వాదం
అయితే మాస్టారి లెక్క ప్రకారమే ‘డెస్పెయిరింగ్లీ’ ఎగిరిపోయింది. ఉసూరుమన్నవాడు మళ్లీ వల వేయమనడు. మరి ‘డెస్పరేట్లీ’కి రావాలా? ఖాళీ వలను పట్టుకుని ఏం ప్రాధేయపడతాడు?

డెస్కు మనిషి
రెండూ కావు. చిక్కు ఇంగ్లీషులో లేదు, మన ‘నిరాశ’లో ఉంది. సినిమా బాగా లేకపోయినా నిరాశపడతాం, బతుకు మీద ఆశ చచ్చినా నిరాశే అంటాం. ‘ఈ బడ్జెట్ నిరాశపరిచింది’ అని మేం శీర్షిక పెడితే రాష్ట్రం చేతులెత్తేసిందని ఎవరూ అనుకోరు. అనుకున్నది జరగలేదన్నంత వరకే. దానికి ఇంగ్లీషు మాట ‘డిసప్పాయింట్‌మెంట్’. ఆ రెండో, లోతైన దానికి మనకు వేరే మాట ఉంది – నిస్పృహ. రెండూ జంటగా ‘నిరాశా నిస్పృహలు’ అని వాడీవాడీ తేడా చెరిపేసుకున్నాం. ఈ కథారచయిత ‘నిస్పృహతో చూశాడు’ అని రాసి ఉంటే మాస్టారు చెప్పిన మాటే ఖాయం చేసేవాణ్ణి. రాయలేదు. కనుక ఈ సరంగు చూపు ‘డిసప్పాయింట్‌మెంట్’ దగ్గరే ఆగాలి.

సీతమ్మధార మాస్టారు
ఒప్పుకున్నాను. ఒంటరి వాక్యానికి నేను చెప్పినది చెల్లుతుంది, ఈ కథకు చెల్లదు. అయితే ‘డిసప్పాయింటెడ్లీ’ అని మాత్రం రాయకమ్మా. నిఘంటువులో ఉంది కానీ నోరు తిరగదు. ఇలాంటి చోట ఇంగ్లీషువాళ్లు క్రియావిశేషణాన్ని తప్పించి, ముఖం వాడిపోయిందని వేరే క్రియతో చెబుతారు: ‘హిజ్ ఫేస్ ఫెల్’. లేదంటే ఏ విశేషణమూ లేకుండా ‘చూశాడు’ అని వదిలేసి, బీడీ విసరడం మీద భారం వేస్తారు.

చినవాల్తేరు
స్నేహితురాలికి ఈ చర్చంతా ఫోనులో చదివి వినిపించాను. విశేషణం తీసేశాం. చూశాడు, బీడీ విసిరాడు, చేయి ఊపాడు – అంతే. తమ్ముడు ఒప్పుకోలేదు, ‘డెస్పెయిరింగ్లీ’ కోసం కథలో ఇంకో చోటు వెతుకుతున్నాడు. మూడో పేజీలో పెన్షను కాగితాలు తిరిగొచ్చినప్పుడు ముసలమ్మ తల అడ్డంగా ఊపుతుంది. అక్కడ పెట్టనిచ్చాం. అది నిజంగానే అతికింది.

అక్కయ్యపాలెం సిస్టర్
ఆలస్యంగా వచ్చాను, నాదీ ఇదే కుటుంబానికి చెందిన సందేహం. నర్సులు రాసే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షకు సిద్ధమవుతున్నాను. రోగిని మరో వైద్యుడికి పంపుతూ 180 నుంచి 200 మాటల లేఖ రాయాలి. నా నమూనా లేఖలో ఆయనకు గుండె వైద్యుడి పరీక్ష ‘డెస్పరేట్లీ’ అవసరమని రాశాను. ఇంతవరకు చదివినదాన్ని బట్టి అది సరైనదే కదా? అవసరం పక్కన అతుకుతుందని మాస్టారే అన్నారు.

సీతమ్మధార మాస్టారు
అతుకుతుంది తల్లీ, కానీ ఆ లేఖలో కాదు. ఆ మాటలో అవసరంతోపాటు అవసరపడేవారి ఆక్రోశమూ వినిపిస్తుంది. రోగి కూతురు ఫోనులో అలా అనవచ్చు, పత్రిక అలా రాయవచ్చు. లేఖ చదివే వైద్యుడికి కావలసింది ఎంత త్వరగా చూడాలన్నది. ‘అర్జెంట్లీ’ అని రాసి, వీలైతే ఎన్ని గంటల్లోనో కూడా రాయి. అలాగే పరిస్థితి విషమంగా ఉన్న రోగిని ‘డెస్పరేట్లీ ఇల్’ అనకు. ‘క్రిటికల్లీ ఇల్’ అను.

అక్కయ్యపాలెం సిస్టర్
మరి రోగి తన బాధ గురించి తానే చెప్పిన సంగతి రాయాల్సి వస్తే? నిద్ర పట్టక ఆయన ఎలాగైనా మందు ఇమ్మని వేడుకుంటున్నాడు.

డెస్కు మనిషి
అప్పుడు వాడవచ్చు, అది ఆయన స్థితి కనుక. కానీ ‘లీ’ వద్దు. ‘హి ఈజ్ డెస్పరేట్ ఫర్ రిలీఫ్’ అని విశేషణంగా రాయండి. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో దాని ముందు వాక్యంలోనే రాసేయండి.